శీలావతి, బొచ్చె చేప పిల్లలకు ప్రోటీన్ ఎంత, కొవ్వు ఎంత? వేరుశనగ చెక్క, తవుడు సగం సగం తొట్లలో ఎందుకు పనిచేయట్లేదు?

స్వర్ణముఖి_నర్సరీ

కాళహస్తి దగ్గర మట్టి నర్సరీ చెరువు ఒకటి, దాని పక్కనే సిమెంటు తొట్లు. రెండుచోట్లా శీలావతి, బొచ్చె ఫ్రై (కొన్ని వారాల చిన్న పిల్ల) ఉంది. మేత కూడా ఒకటే: గానుగ వేరుశనగ చెక్క, మిల్లు తవుడు సగం సగం, మెత్తగా జల్లించి. చెరువులో పిల్ల సాఫీగా ఎదుగుతోంది. తొట్లలో మాత్రం సైజు తేడాలు ఎక్కువ. కొన్నిటికి తల పెద్దది, ఒళ్లు సన్నం. కొన్నిటికి పొట్ట గుండ్రం. అక్కడక్కడా నడుం వంకర. నీళ్లు మారుతున్నాయి, ఆక్సిజన్ 5 పీపీఎంకి తగ్గట్లేదు. మేతలోనే లోపం అనుకుంటున్నా. ఈ వయసు పిల్లకు ప్రోటీన్, కొవ్వు ఎంతెంత కావాలి? తిరుపతి, చిత్తూరు వైపు దొరికే సరుకుతో ఎట్లా కలపాలి? లెక్కతో చెప్పండి.

మేత_లెక్కలు

ముందు ఇప్పుడు వేస్తున్నదాని లెక్క చూద్దాం. చెక్కలో ప్రోటీన్ సుమారు 42 శాతం, మిల్లు తవుడులో 13. సగం సగం కలిపితే 27.5. కొవ్వు సంగతి: గానుగ చెక్కలో నూనె 9 శాతం దాకా మిగిలి ఉంటుంది, నూనె తీయని తవుడులో 15. సగటు 12. అంటే మీ తొట్టి పిల్ల తింటున్నది 27.5 ప్రోటీన్, 12 కొవ్వు.

కావలసింది దాదాపు దీనికి ఎదురు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు జాతులకు స్పాన్ (గుడ్డులోంచి వచ్చిన కొత్త పిల్ల) నుంచి ఫ్రై దాకా ప్రోటీన్ 40–45 శాతం, వేలెడంత సైజు ఫింగర్లింగ్‌కు 30–35, ఆపైన పెంపకం చెరువులో 25–30. కొవ్వు ఈ దశలన్నిటిలోనూ 6–8 ఉంటే చాలు. తిలాపియా పిల్లకు మొదట్లో 45 దాకా ప్రోటీన్, 10 దాకా కొవ్వు పెట్టవచ్చు. పండుగప్ప, కొర్రమీను మాంసాహారులు కాబట్టి వాటి లెక్క వేరే.

చేప కడుపు నిండేది బరువుతో కాదు, శక్తితో. మేతలో నూనె ఎక్కువైతే శక్తి తొందరగా సరిపోతుంది, పిల్ల తినడం ఆపేస్తుంది. అప్పటికి దానికి అందాల్సినంత ప్రోటీన్ లోపలికి పోదు. మిగిలిన శక్తి పేగుల చుట్టూ తెల్లటి కొవ్వుగా పేరుకుంటుంది. మీరు చెప్పిన గుండ్రటి పొట్ట అదే అయ్యుండొచ్చు. ఒక పిల్లను కోసి చూడండి. కాలేయం ముదురు ఎరుపు కాకుండా పాలిపోయి పసుపుగా ఉంటే ఆ అనుమానం బలపడుతుంది.

నూనె మరీ తక్కువైనా నష్టమే. 3–4 శాతానికి పడిపోతే పిల్ల ప్రోటీన్‌నే ఇంధనంగా తగలబెడుతుంది. ఖరీదైన సరుకు కండగా మారకుండా అమ్మోనియాగా నీళ్లలోకి పోతుంది. పైగా లినోలెయిక్, లినోలెనిక్ అనే కొవ్వు ఆమ్లాలను చేప సొంతంగా తయారుచేసుకోలేదు. బంగారుతీగ చేప మీద తేల్చిన లెక్క ప్రకారం మేతలో మొదటిది 1 శాతం, రెండోది 0.5–1 శాతం ఉండాలి. వేరుశనగ నూనెలో మొదటిది బాగానే ఉంటుంది, రెండోది దాదాపు సున్నా. అందుకే ఎంత చెక్క వేసినా చేపనూనె చుక్క తగలాల్సిందే.

కార్వేటినగరం_చెరువు

లెక్కలు సరేగానీ అన్నా, మా పక్క నర్సరీల్లో తాతల కాలం నుంచీ శెనక్కాయ చెక్క, తవుడే. ఆ 27తోనే పిల్ల లక్షణంగా వస్తా ఉండాది. 40 లేకుంటే బతకదంటే నమ్మేదెట్ల?

కాళహస్తి_హ్యాచరీ

నమ్మొద్దులే అన్నా, మట్టి చెరువులో ఆ 40 ఎక్కడి నుంచి వస్తోందో చూడు చాలు. నర్సరీలో పిల్ల తినే అసలు తిండి నీళ్లలోని జంతు ప్లవకాలు (కంటికి కనీకనిపించని నీటి జీవులు): రోటిఫర్లు, మొయినా, డాఫ్నియా. తడి తీసేస్తే వాటిలో సగానికి పైగా ప్రోటీనే. అమైనో ఆమ్లాలు సమంగా ఉంటాయి, కావలసిన కొవ్వు ఆమ్లాలు ఉంటాయి, అరుగుదలకు సాయపడే ఎంజైములు కూడా ఉంటాయి. చెక్క, తవుడు అక్కడ పక్క వంటకం మాత్రమే. మనం వేసిన చెక్కలో కొంత ఎరువై మళ్లీ ప్లవకాలనే పెంచుతుంది. సిమెంటు తొట్టిలో, హాపాలో (నీళ్లలో కట్టే సన్న వల పెట్టె) ఆ ప్లవకం లేదు. అక్కడ పక్క వంటకమే మొత్తం భోజనం అయిపోయింది. స్వర్ణముఖి గారి ఇబ్బందికి మూలం ఇదే.

మట్టి చెరువులో కూడా ఈ ధీమా ఎల్లకాలం నిలవదు. ఎకరాకు చెక్క 300 కిలోలు, పచ్చి పేడ 80, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 20 కలిపి ముద్ద చేసి, సగం స్పాన్ వదిలే 2–3 రోజుల ముందు, మిగతాది తర్వాత రెండు మూడు దఫాలుగా వేస్తారు. ప్లవకాల వల కట్టి 50 లీటర్ల నీళ్లు వడకడితే 1–2 మిల్లీలీటర్ల ప్లవకం దిగాలి. ఎకరాకు 12–20 లక్షల స్పాన్ వదిలాక వారం తిరిగేసరికి అదంతా తినేస్తాయి. సరిగ్గా అప్పుడే పిల్ల ఒళ్లు పెరిగే వేగం ఎక్కువ. వలలో 0.5 మిల్లీలీటర్ కూడా దిగకపోతే ఇక 27 శాతం పిండితో నెట్టుకురావడం కుదరదు. పెద్దవి ముందుకు, చిన్నవి వెనక్కు పడేది ఆ వారంలోనే.

స్వర్ణముఖి_నర్సరీ

అర్థమైంది. అయితే తవుడు తగ్గించి చెక్క పెంచితే 40 వస్తుంది కదా? నూనె తీసిన తవుడు వాడితే కొవ్వూ తగ్గుతుంది.

మేత_లెక్కలు

అంకె వస్తుంది, పిల్ల రాదు. నూనె తీసిన తవుడు 15 శాతం అనుకుందాం. 40 కావాలంటే, 40లోంచి 15 తీస్తే 25 పాళ్లు చెక్క, 42లోంచి 40 తీస్తే 2 పాళ్లు తవుడు. అంటే నూటికి 93 కిలోలు చెక్కే. సమస్య ఆ ప్రోటీన్ లోపల ఉంది.

చేపకు పది అమైనో ఆమ్లాలు బయటి నుంచే రావాలి. వాటిలో మనకు ఎప్పుడూ కొరతపడేవి లైసిన్, మెథియోనిన్. కార్పు (శీలావతి, బొచ్చె, బంగారుతీగల కుటుంబం) పిల్లకు మొత్తం ప్రోటీన్‌లో లైసిన్ 5.7 శాతం ఉండాలి. 40 శాతం మేత అయితే, మేత బరువులో 2.28 శాతం. వేరుశనగ ప్రోటీన్‌లో లైసిన్ 3.5 శాతమే. 40 శాతం ప్రోటీన్ మొత్తం చెక్క నుంచే వస్తే లైసిన్ 1.4 దగ్గర ఆగుతుంది. ఏ ఆమ్లం తక్కువుందో ఎదుగుదల దాని దగ్గరే ఆగుతుంది కాబట్టి, బస్తా మీద 40 రాసుకున్నా పిల్లకు అది 25 శాతం మేతతో సమానం. మిగతా 15 అమ్మోనియా.

పొడి లైసిన్ కొని కలిపితే సరిపోదా అని అడుగుతారు. కార్పు జాతులకు జీర్ణాశయం ఉండదు, పేగు ఒక్కటే. విడి లైసిన్ ముందే రక్తంలోకి వెళ్లిపోతుంది, చెక్కలోని ప్రోటీన్ అరిగి వచ్చేసరికి అది ఉండదు. పైగా సన్న పొడి మేతలోంచి నీళ్లలో కరిగి కొంత పోతుంది. కాబట్టి లైసిన్ సోయా చెక్క నుంచి, చేప పొడి నుంచి రావాలి. సోయా ప్రోటీన్‌లో 6.2 శాతం, మంచి చేప పొడిలో 7.5 దాకా ఉంటుంది. మెథియోనిన్ సోయాలోనూ తక్కువే, దానికి చేప పొడి గానీ కొంత నువ్వుల చెక్క గానీ అండ.

తొట్ల ఫ్రైకి ఈ పాళ్లు చూడండి, 100 కిలోలకు:

చేప పొడి (60 శాతానిది) 25
సోయా చెక్క (నూనె తీసింది, 46 శాతం) 30
వేరుశనగ చెక్క 20
నూనె తీసిన తవుడు 15
మైదా 5
చేపనూనె 2, సోయా లేదా పొద్దుతిరుగుడు నూనె 1
మోనో కాల్షియం ఫాస్ఫేట్ 1
విటమిన్, ఖనిజ మిశ్రమం 1

ప్రోటీన్ 40, కొవ్వు 7కు కాస్త అటూ ఇటూ, లైసిన్ 2.4. ఫాస్ఫేట్ విషయంలో డీసీపీ (డై కాల్షియం ఫాస్ఫేట్) చవక అని అటు పోవద్దు. జీర్ణాశయం, దాని ఆమ్లం లేని చేప డీసీపీలోని భాస్వరంలో సగం కూడా తీసుకోలేదు, చేప పొడిలోని ఎముక భాస్వరం ఇంకా తక్కువ. మోనో రూపం దాదాపు మొత్తం ఒంటపడుతుంది.

పలమనేరు_పట్టు

చేప పొడి 25 కిలోలంటే చిన్న రైతుకు భారం. మా పలమనేరు, కుప్పం వైపు రీలింగ్ (గూళ్ల నుంచి పట్టుదారం తీయడం) చేసేచోట, లోపల మిగిలే పట్టుపురుగు ప్యూపా దొరుకుతుంది. ఎండబెట్టిన ప్యూపాలో ప్రోటీన్ 50 శాతం చిల్లర, లైసిన్ చేప పొడికి దగ్గరగానే ఉంటుంది. కొవ్వు 25–30. ఆ నూనెలో లినోలెనిక్ ఆమ్లం బాగా ఉంటుంది, అంటే పైన చెప్పిన వేరుశనగ లోటును ఇదే పూడుస్తుంది. చేప పొడిలో సగం దీనితో మార్చవచ్చు కదా?

మేత_లెక్కలు

మార్చవచ్చు. చేప పొడి 12, ప్యూపా 15, సోయా 35, వేరుశనగ చెక్క 20, తవుడు 10, మైదా 5, చేపనూనె 1, ఫాస్ఫేట్ 1, మిశ్రమం 1. ప్రోటీన్ 41, కొవ్వు 8, లైసిన్ 2.4. నూనె ఇంకేమీ పోయకూడదు, ప్యూపాలోనే 4 శాతం వచ్చేసింది. 15 కిలోలు దాటించవద్దు, దాటిస్తే కొవ్వు అదుపు తప్పుతుంది. ఇంకా కావాలంటే నూనె తీసిన ప్యూపా తీసుకోండి, దానిలో ప్రోటీన్ 65 శాతానికి పైనే.

అసలు ప్రమాదం ముక్కిపోవడం. ప్యూపా నూనె గాలి తగిలితే త్వరగా చెడుతుంది. రీలింగ్ బేసిన్‌లోంచి తీసిన రోజే ఆరబెట్టాలి, కుప్పగా పోసి వదిలేస్తే మరుసటి రోజుకే కంపు. ముక్కిన నూనె విటమిన్ ఇ ని తినేస్తుంది. పిల్లకు వీపు కండ కరిగి వెన్ను కత్తిలా తేలుతుంది.

కాళహస్తి_హ్యాచరీ

ముక్కడం గురించి వచ్చింది కాబట్టి మిల్లు తవుడు మాట కూడా. బియ్యం పట్టిన గంటల్లోనే తవుడులోని లైపేజ్ ఎంజైమ్ నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. వారం దాటిన పచ్చి తవుడు పిల్లలకు వద్దు. ఆవిరి పట్టి స్థిరపరచింది గానీ, నూనె తీసింది గానీ వాడండి.

ల్యాబ్_బెంచీ

రెండు పరీక్షలు ఇంట్లోనే చేసుకోదగ్గవి, ఒకటి ప్రయోగశాలలో చేయించి తీరవలసింది.

చేప పొడిలో యూరియా కల్తీ: ప్రోటీన్ అంకెను ప్రయోగశాలలు నత్రజనిని కొలిచి 6.25తో గుణించి చెబుతాయి. యూరియాలో నత్రజని 46 శాతం, అంటే 100 కిలోల పొడిలో 1 కిలో యూరియా కలిపితే కాగితం మీద ప్రోటీన్ దాదాపు 3 శాతం పెరుగుతుంది. పట్టుకోవడానికి, రెండు గాజు గ్లాసుల్లో చెంచాడు చొప్పున పొడి వేయండి. ఒకదానిలో వేయించని సోయా గింజల పిండి చెంచాడు కలపండి. రెండింటిలో గోరువెచ్చని నీళ్లు పోసి మూతపెట్టి 15 నిమిషాలు ఆగండి. సోయా వేసిన గ్లాసులో మాత్రమే ఘాటుగా అమ్మోనియా వాసన వస్తే యూరియా ఉన్నట్టే. రెండో గ్లాసు తప్పనిసరి, ఎందుకంటే పాత చేప పొడికి సొంతంగానే కొంత వాసన ఉంటుంది.

ఇసుక, ఉప్పు: నిండు గ్లాసు నీళ్లలో పొడి వేసి కలిపి వదిలితే ఇసుక అడుగున పొరగా దిగుతుంది. ఇసుక మీద ఆరబెట్టిన ఎండుచేపల పొడిలో ఇది శానా సామాన్యం. ఆ నీళ్లు నాలుకకు తగిలిస్తే ఉప్పు తెలుస్తుంది. 60 అని అమ్మే పొడి నిజానికి 45 ఉంటే, పై లెక్కలో 25 కిలోల దగ్గరే దాదాపు 4 శాతం ప్రోటీన్ పోయింది.

ప్రయోగశాలలో చేయించవలసింది అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పరీక్ష. దీని సంగతి మన జిల్లాల్లో గట్టిగా చెప్పాలి. ఖరీఫ్ వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరే వేళ బెట్ట తగిలితే బూజు పొలంలోనే కాయలోకి చేరుతుంది. పీకే సమయానికి ఈశాన్య రుతుపవనాల వాన పడితే కుప్పల్లో తడిసి ఇంకా పెరుగుతుంది. పైగా స్పాన్ సీజన్ జూలై, ఆగస్టు. అప్పటికి కొత్త చెక్క రాదు. ఎండాకాలం గోదాముల్లో గడిపి, వానల తేమ పీల్చుకున్న పాత చెక్కే దొరుకుతుంది. ఏడాది మొత్తంలో అతి పాత చెక్క అతి చిన్న పిల్లకు పడుతోందన్నమాట.

20 పీపీబీ (కిలోకు 20 మైక్రోగ్రాములు) లోపు ఉన్న సరుకే కొనండి. బూజు కంటికి కనిపించకపోయినా విషం ఉండవచ్చు. ఎండబెడితే, ఉడికిస్తే పోదు. బెంటొనైట్ లాంటి బంకమట్టి కొంత పట్టుకుంటుంది, అంతే. దెబ్బ కాలేయానికి, రోగనిరోధక శక్తికి. చావు ఒక్కసారిగా కనిపించదు, మేత తిన్నా ఎదగదు, చిన్న ఒత్తిడికే రాలిపోతుంది. చెక్క తేమ 10 శాతం దాటకుండా, గోడకు తగలకుండా కొయ్య పలకల మీద నిల్వ పెట్టండి.

కార్వేటినగరం_చెరువు

ఈ అఫ్లా మాట మా చెరువోళ్లందరూ చదవాల. ఇంగ నా ప్రశ్న: ఇంత కష్టపడే బదులు రొయ్య పిల్లల మేత 50 శాతం ప్రోటీన్‌ది తెచ్చి వేస్తే పిల్ల ఇంకా తొందరగా రాదా?

మేత_లెక్కలు

రాదు. కార్పు ఫ్రైకి 45 దాటిన ప్రోటీన్ ఒంటికి పట్టదు. ప్రోటీన్‌లో 16 శాతం నత్రజని. 50 శాతం మేత 1 కిలోలో నత్రజని 80 గ్రాములు. పిల్ల కండగా నిలుపుకొనేది మూడోవంతు అటూ ఇటూ. మిగతాదాంట్లో ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా తొట్టిలోకి వస్తుంది. మధ్యాహ్నం పాచి పట్టిన నీళ్లలో పీహెచ్ 9కి పోతే, తిరుపతి ఎండకు నీళ్లు 32 డిగ్రీలు దాటితే, ఆ అమ్మోనియాలో విషపు రూపం అనేక రెట్లు పెరుగుతుంది. ఎక్కువ ప్రోటీన్ పెట్టి, ఆ ప్రోటీన్ వల్లే ఎదుగుదల ఆపుకోవడం అవుతుంది. ఆ డబ్బుతో చేప పొడి నాణ్యమైనది కొనండి.

స్వర్ణముఖి_నర్సరీ

తయారీ పద్ధతి కూడా చెప్పండి. నడుం వంకర సంగతి ఎవరూ చెప్పలేదు.

కాళహస్తి_హ్యాచరీ

వంకర ఎక్కువసార్లు విటమిన్ సి లోపం. చేప దాన్ని తయారుచేసుకోలేదు, అది లేకుంటే ఎముకకు ఆధారమైన కొలాజెన్ కట్టదు. చెక్క, తవుడులో అది లేదు. చెరువులో ప్లవకం ఇస్తోంది, తొట్టిలో ఇచ్చేవాళ్లు లేరు. మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం వేడికి, గాలికి, నీళ్లకు పోతుంది. ఫాస్ఫేట్ రూపంలో ఉన్న విటమిన్ సి అడిగి తీసుకోండి. ఇప్పటికే వంగిన పిల్ల సరికాదు, దాన్ని ఏరేయడమే.

తయారీ ఇట్లా: పొడి సరుకంతా విడివిడిగా ఆడించి 0.25 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. ఒక్కో పలుకులో అన్ని సరుకులూ ఉండాలంటే అంత మెత్తదనం కావాలి, లేకపోతే పిల్ల తనకు నచ్చిన పలుకే ఏరుకుంటుంది. మిశ్రమం, ఫాస్ఫేట్ లాంటి కొద్దిపాటి వాటిని ముందు 2 కిలోల తవుడులో కలిపి, తర్వాత మొత్తంలో కలపండి. మైదాను విడిగా గంజి కాచి చల్లారనిచ్చి, 30–35 లీటర్ల నీళ్లతో ముద్ద చేసి, 15–20 నిమిషాలు ఆవిరి పట్టండి. ఆ వేడికి సోయాలో మిగిలిన ట్రిప్సిన్ నిరోధకాలూ (ప్రోటీన్ అరుగుదలను అడ్డుకునేవి) పోతాయి. వేడి తగ్గాక నూనెలు, విటమిన్ సి కలిపి, సేమియా మిషన్‌లో తీసి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే విటమిన్లు, చేపనూనె రెండూ చెడతాయి. వేళ్ల మధ్య టక్కున విరిగితే ఆరినట్టు. నలిపి జల్లించి, స్పాన్‌కు 0.3 మిల్లీమీటర్ల లోపు, ఫ్రైకి 0.5–1, ఫింగర్లింగ్‌కు 1.5–2 మిల్లీమీటర్ల పలుకులు వేరుచేయండి. మూడు నాలుగు వారాలకు సరిపడా మాత్రమే చేసుకోండి.

మోతాదు: లక్ష స్పాన్‌కు మొదటి 5 రోజులు రోజుకు 600 గ్రాములు, ఆ తర్వాత 1.2 కిలోలు. ఒక్కోటి 1 గ్రాము తూగే ఫ్రై 10,000 ఉంటే మొత్తం బరువు 10 కిలోలు, దానిలో 8 శాతం అంటే 800 గ్రాములు, నాలుగు పూటలుగా. ఫింగర్లింగ్ అయ్యేసరికి 5 శాతానికి దించండి. అరగంట తర్వాత తొట్టి అడుగున పిండి కనిపిస్తే మరుసటి పూట తగ్గించండి.

కొర్రమీను_చిత్తూరు

ఈ పాళ్లు కొర్రమీను పిల్లకు పనికొస్తాయా? చిత్తూరు చుట్టూ తొట్ల పెంపకం ఎక్కువైంది.

మేత_లెక్కలు

పనికిరావు. కొర్రమీను ఫ్రైకి 50 శాతం ప్రోటీన్, ఫింగర్లింగ్‌కు 40–45, కొవ్వు 10–13 కావాలి. పిండి పదార్థాన్ని అది సరిగా వాడుకోలేదు కాబట్టి తవుడు 5 కిలోలు దాటకూడదు. చేప పొడి బాగా తగ్గితే పిల్ల సరిగా ముట్టదు. మొదట మొయినా మీద పెంచి, 2–3 సెంటీమీటర్లు వచ్చాక చేప పొడి ముద్దకు అలవాటు చేయాలి. మూడు నాలుగు రోజులకోసారి మొయినాలో పావు వంతు తగ్గించి ముద్ద పెంచండి. ఒక్కసారిగా మార్చితే ఆకలికి ఒకదాన్నొకటి మింగుతాయి. మేత ఎంత మంచిదైనా వారానికోసారి సైజులవారీగా వేరు చేయకపోతే లెక్క నిలవదు.

స్వర్ణముఖి_నర్సరీ

రెండో పాళ్లు, అంటే ప్యూపాది, నాలుగు తొట్లకు. మొదటిది మిగతా వాటికి. మట్టి చెరువులో చెక్క, తవుడు అట్లాగే ఉంచి వల వేసి ప్లవకం చూస్తా. బయట దొరికే క్రంబుల్ (పలుకుల) మేత బస్తా మీద 32/5 అని ఉంది, ఫ్రైకి సరిపోతుందా?

ల్యాబ్_బెంచీ

మొదటి అంకె కనీస ప్రోటీన్, రెండోది కనీస కొవ్వు. 32/5 ఫింగర్లింగ్ మేత, ఫ్రైకి తక్కువ. తొట్లకు 40/6 పైన ఉన్నది చూడండి. ఆ అంకెలు లైసిన్ ఎంతో చెప్పవు, కాబట్టి సరుకుల జాబితాలో చేప పొడి, సోయా ఉన్నాయేమో అడగండి. తయారీ తేదీ మూడు నెలలు దాటిన బస్తా పిల్లలకు తీసుకోవద్దు. తొట్లను పోల్చేటప్పుడు ప్రతి తొట్టి నుంచి 50 పిల్లలను ఒకేసారి తూచి సగటు రాయండి, పెద్దవి ఏరి తూచవద్దు. సగటుతోపాటు అతి చిన్నది, అతి పెద్దది కూడా రాసుకోండి. మేత సరిపోతుంటే ముందు తగ్గేది ఆ రెండింటి మధ్య తేడా.